రేసు కారులో నా వీపు అచ్చు

ఇది వేగం గురించిన మహాగాథ. ఇందులో కార్బన్ ఫైబర్‌తో చేసిన రథం ఉంది. మంచు కురిసే పరాయి దేశం ఉంది. పక్కవాడు దగ్గితే ప్రపంచం వణికిన రోజులున్నాయి. వాటన్నిటి మధ్యా, రేసు కారు నడపాలని గోదావరి సీమ నుంచి బయల్దేరిన ఒక యువకుడున్నాడు.

ఆ యువకుణ్ణి నేనే. ఉన్నమాట చెప్పాలంటే ఇది గాథ కాదు, మహా అసలే కాదు. ఇందులో మొదటి నుంచి చివరి దాకా నేను కారు నడిపిన దూరం సున్నా. ఒక చలికాలపు మధ్యాహ్నం ఆ కారు సీటులో ఇరుక్కుపోయాను. అంతే సంగతి. వేగం కోసం ఎక్కినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు. దిగగలగడం ఎంత గొప్ప సౌకర్యమో నాకు తెలుసు.

కరోనా మొదటి ఏడాది అక్టోబరులో ఎమ్మెస్ చదవడానికి జర్మనీలోని కెమ్నిట్జ్ వచ్చాను. రైలు దిగి నేరుగా హాస్టల్ గదికి, గదిలో క్వారంటైన్. అది పూర్తయిన రోజున తలుపు తీసి బయటికొస్తే బయట కూడా అదే ఉంది. క్లాసులన్నీ ల్యాప్‌టాప్‌లోనే. కాకినాడలో మా మేడ మీద కూర్చుని వినగలిగిన పాఠాలను, కాకినాడ కన్నా బాగా చల్లగా ఉన్న ఊళ్ళో కూర్చుని విన్నాను. విదేశీ విద్య అంటే ఇదే కాబోలు అనుకున్నాను.

మా హాస్టల్లో అంతస్తుకొక వంటగది. ఒకసారికి ఒకరే వెళ్ళాలని తలుపు మీద కాగితం అంటించారు. పక్క గదుల్లో ఉండేవాళ్ళ ముఖాలు నాకు తెలియవు. మైక్రోవేవ్ మోగితే ఒకరున్నారని, వెల్లుల్లి వాసన వస్తే ఇంకొకరున్నారని తెలిసేది. నేను పోపు పెట్టినప్పుడు నేనున్న సంగతి వాళ్ళకు తెలిసి ఉంటుంది. పరిచయాలు అంతకుమించి ముందుకు సాగలేదు.

అసలు నేను ఆ ఊరు ఎంచుకున్నదే అక్కడి విద్యార్థుల రేసు కారు జట్టు కోసం. ఇక్కడ చాలా కాలేజీల్లో అదొక ఆనవాయితీ. విద్యార్థులే ఏడాదికొక చిన్న ఒంటి సీటు రేసు కారు తయారుచేసి, వేసవిలో మిగతా కాలేజీల కార్లతో పోటీకి దించుతారు. గీసేదీ వాళ్ళే, కోసేదీ వాళ్ళే, నడిపేదీ వాళ్ళే. జట్టులో చేరితే స్నేహితులు వాళ్ళంతట వాళ్ళే వచ్చేస్తారని, గ్రీజు చేతులతో అందరం ఒకే పిజ్జా పెట్టె చుట్టూ కూర్చుంటామని పాత వీడియోలు చూసి నమ్మాను. జట్టులో చేరాను. వర్క్‌షాపులో కూడా ఒకసారికి ఒకరే అన్నారు.

ఒకరు వెళ్ళి పనిచేసి, కిటికీ తెరిచి, తాళం వేసి వెళ్ళిపోవాలి. గది గాలి మారాక ఇంకొకరు రావాలి. అందుకు ముందే టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, తీసుకోవాలి. అలా పాతికమంది కలిసి ఒక కారు కడుతున్నాం, ఒకరి ముఖం ఒకరు చూడకుండా. గుడి కట్టిన శిల్పులకైనా మధ్యాహ్నం పక్కపక్కన కూర్చుని అన్నం తినే భాగ్యం ఉండి ఉంటుంది.

మా జట్టులో ఒక పద్ధతి ఉంది. బోల్టు బిగించినవాళ్ళు దాని తల మీద నుంచి పక్కనున్న లోహం మీదికి పెయింటు పెన్నుతో ఒక గీత గీయాలి. బోల్టు వదులైతే ఆ గీత రెండుగా విడిపోతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఇంకొకరు వచ్చి బిగింపు సరిచూసి, పక్కన తమ గీత గీయాలి. ఒక్కొక్కరికి ఒక్కో రంగు. తెలుపు మా కెప్టెన్ది. ఆవిడ చివరి ఏడాది చదివే జర్మన్ అమ్మాయి. వీడియో సమావేశాల్లో నేను చూసింది ఆవిడ నుదుటి సగాన్నే, కెమెరా అంతకన్నా కిందికి దిగేది కాదు. పసుపు ఒక జంటది. ఒకే ఇంట్లో ఉంటారు గనక ఇద్దరికీ ఒకే పెన్ను. నాది ఆకుపచ్చ.

నేను ఒక రోజు చక్రం దగ్గర బోల్టు బిగించి గీత గీసి వచ్చేవాణ్ణి. మళ్ళీ నా వంతు వచ్చి వెళ్ళేసరికి దాని పక్కన తెల్ల గీత ఉండేది. ఎవరో వచ్చి నా యోగక్షేమాలు కనుక్కుని వెళ్ళినట్టుండేది. మనిషి ఎక్కడిదాకా వస్తాడో చూడండి, బోల్టు పలకరించిందని పొంగిపోయేదాకా వస్తాడు. కొన్నాళ్ళకు నా గీతలు అవసరానికి మించి పొడుగ్గా గీయడం మొదలుపెట్టాను. పెయింటు జట్టుదే కదా.

జనవరిలో సీటు పని వచ్చింది.

రేసు కారు సీటంటే కొని బిగించేది కాదు. కూర్చునే మనిషి ఒంటికి అచ్చు పోస్తారు. మలుపులో కారు మనిషిని పక్కకు విసిరేస్తుంది. సీటు వదులుగా ఉంటే నడిపేవాడు స్టీరింగు తిప్పడం మానేసి, పడిపోకుండా దాన్ని పట్టుకుని వేలాడతాడు. సీటు అచ్చుగుద్దినట్టు ఉంటే చేతులు తమ పని చేసుకుంటాయి, వెనక చక్రం జారబోయే సంగతి కళ్ళకన్నా ముందు నడుముకు తెలుస్తుంది. దీని వెనక ఒక ఆచారం కూడా ఉంది. సీటు ఎవరి ఒంటికి పోస్తారో, కారు మొదటిసారి కదిలేటప్పుడు అందులో కూర్చునేది వాళ్ళే. పెద్ద పరుగేమీ కాదు, వర్క్‌షాపు వెనక పార్కింగులో ఈ చివర నుంచి ఆ చివరకు, సైకిలు కన్నా కాస్త వేగంగా. ఆ రోజు జట్టంతా వచ్చి చుట్టూ నిలబడుతుంది. కారు ఆగగానే అందరూ లోపలికి వంగి, నడిపినవాళ్ళను "ఎలా ఉంది?" అని అడుగుతారు. పాత వీడియోలన్నిటిలోనూ ఇది ఉంది. నేను చాలాసార్లు చూశాను.

సీటు నిజానికి పసుపు జంటలోని అమ్మాయికి పోయాలి, పోటీలో నడిపేది ఆవిడే. కానీ జంట ఇద్దరూ క్రిస్మస్ పండక్కి వాళ్ళ పెద్దవాళ్ళ ఊరెళ్ళి, ఇంట్లో ఎవరికో కరోనా వచ్చి అక్కడే ఆగిపోయారు. ఆవిడదీ నాదీ ఒకే ఎత్తు, ఒకే భుజాల కొలత. కెప్టెన్ వీడియోలో అడిగింది, "సీటు నీ ఒంటికి పోద్దామా? అలా అయితే మొదటి పరుగు నీదే. ఆరుబయట కాబట్టి ఆ రోజు కనీసం సగం మందిని పిలవచ్చు."

సరేనన్నాను. మామూలు గొంతుతోనే అన్నాను. ఫోను పెట్టేశాక గదిలో రెండుసార్లు అటూ ఇటూ నడిచాను, అంతకు మించి నడవడానికి గదిలో చోటు లేదు. నాకు కావలసింది రేసు కాదు. చుట్టూ పదిమంది నిలబడి, మాస్కుల్లోంచైనా సరే, "ఎలా ఉంది?" అని అడగాలి. బాగుందని చెప్పాలి. ఆ జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను, జర్మన్‌లో, క్రియ చివర వచ్చేలా.

పోటీ నియమాల్లో ఇంకొకటుంది. ప్రమాదం జరిగితే కాలిపోకుండా, నడిపేవాళ్ళు అయిదు సెకన్లలో కారులోంచి బయటపడాలి. దాన్ని గదిలోనే సాధన చేశాను. రెండు సూట్‌కేసుల మధ్య కాళ్ళు చాపుకుని కూర్చోవడం, ఒక్క ఉదుటున లేచి దూకడం. మూడో రోజున కింది గదిలో ఉన్నవాళ్ళు చీపురు కర్రతో పైకప్పును గట్టిగా పొడిచారు. ఆ నెలలో నాతో మనిషన్నవాడు నేరుగా మాట్లాడింది అదొక్కటే.

సీటు పోయడం నేర్పింది అన్న. సొంత అన్న కాదు. నల్గొండ వైపు ఆయన, చాలా ఏళ్ళ కిందట ఇదే జట్టులో సీట్లు పోసిన మనిషి. ఇప్పుడు బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద, దక్షిణాన జిండెల్ఫింగెన్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ పని చేస్తున్నాడు. తెలుగు విద్యార్థుల వాట్సాప్ గుంపులో ఆయన నంబరు దొరికింది. పెళ్ళయిన నెలకే విమానాలు ఆగిపోయి, వదిన వీసా కాగితాలతో హైదరాబాద్‌లోనే ఉండిపోయింది. అందుకని సీటు గురించి ఒక ప్రశ్న అడిగితే గంటసేపు జవాబు చెప్పేవాడు. నేను కూడా ఒక ప్రశ్నతో ఊరుకునేవాణ్ణి కాదు.

"ఫోము ద్రవాలు రెండు డబ్బాలుంటయ్ రా. రెండూ వేరువేరుగ ఉన్నప్పుడు పెద్దమనుషులే. కలిపినవనుకో, పొంగుడు షురూ. పెద్ద చెత్త సంచిల పోసి, సంచి మూతి కట్టి, దాని మీద కూసోవాలె. నీ వీపుకు తగ్గట్టు అదే సర్దుకుని గట్టిపడ్తది."

"అంతేనా అన్నా?"

"అంతేనా అంటవేందిరా గోదారోడా. ఇద్దరుండాలె. ఒకడు కూసుంటడు, ఒకడు పోస్తడు. జర్రంత పోసి, అది పొంగి ఆగినంక ఇంకింత పొయ్యాలె."

"ఇక్కడ ఒక్కళ్ళకే పర్మిషన్ అన్నా."

"అయితే అయిపొయ్యేదాక ఆగు."

"ఏది అయిపోయేదాకా?"

"కరోనా."

"అప్పటికి నేను ఈ సీటులో పట్టనేమో."

"ఇప్పుడు పడ్తవా? నిన్న వీడియోల చూసిన, బుగ్గలు పూర్ణాల లెక్క ఉన్నయ్."

నేను ఆగలేదు. లెక్క వేశాను. ఒంటరిగా సీటులో కూర్చున్నాక వెనక్కి చెయ్యి చాపి విడతలుగా పోయలేను. కాబట్టి మొత్తం ముందే పోసి, గబగబా వెళ్ళి కూర్చోవాలి. నాలుగు మగ్గుల ద్రవం నాలుగుసార్లు పోసినా ఒకేసారి పోసినా నాలుగు మగ్గులే కదా. ఈ వాక్యంలో తప్పెక్కడుందో ఇప్పటికీ కాగితం మీద కనిపించదు. ఒంటి మీద కనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం నా టెర్మిన్, నా తర్వాత కెప్టెన్ది. కాక్‌పిట్‌లో ప్లాస్టిక్ పరిచి, ఫోను బల్ల మీద స్పీకర్లో పెట్టి అన్నకు కలిపాను. నేను కూడా నిలువునా ఒక చెత్త సంచి తొడుక్కున్నాను. మొదటి పరుగు వీరుడి వేషం అది. డబ్బాలు కలిపి, సంచిలో పోసి, మూతి కట్టి, సీటు చోట పెట్టి, సాధన చేసిన పద్ధతికి సరిగ్గా వ్యతిరేకంగా ఒక్క ఉదుటున లోపలికి దిగాను.

"కూసున్నవా?"

"కూర్చున్నానన్నా."

"స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు పెట్టు. మోచేతులు లోపలికి. కదలకు."

కదల్లేదు. వీపు వెనక సంచి మెల్లగా ఉబ్బింది. తర్వాత వేడెక్కింది. ఆ రెండు ద్రవాలు కలిసినప్పుడు వేడి పుడుతుంది, అది రసాయన శాస్త్రం. అది తెలిసి కూడా నాకు మరొకలా అనిపించింది. నడుము చుట్టూ, పక్కటెముకల దాకా, ఏదో వెచ్చగా, నిదానంగా వచ్చి పట్టుకుంటోంది. ఇంట్లో బయల్దేరే ముందు మా అక్క పట్టుకుంది అలాగ, తర్వాత ఎవరూ పట్టుకోలేదు. కళ్ళు మూసుకున్నాను. అలా మూసుకోకుండా ఉండాల్సింది, ఎందుకంటే ఆ లోపల సంచి నా తుంటి ఎముకల మీదుగా ఎక్కి, మోచేతుల్ని కూడా కలుపుకుంది.

"అన్నా, లేవడం కుదరట్లేదు."

"లేవకు. గట్టిపడేదాక లేవద్దని చెప్పిన గదా."

"గట్టిపడిపోయిందన్నా."

"ఎంత పోసినవ్?"

"మొత్తం."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"శభాష్. ఇగ రేసుల నిన్ను ఎవ్వడు ఓవర్‌టేక్ చేసినా కారుల నుంచి మాత్రం పడవు."

విడతలుగా పోస్తే ముందు పోసింది గట్టిపడి, తర్వాత పోసింది ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి, అంటే పైకి, పోతుంది. ఒకేసారి పోస్తే అన్నీ కలిసి మనిషి మీదికే వస్తాయి. ఈ శాస్త్రమంతా అన్న అప్పుడు చెప్పాడు. నేను శ్రద్ధగా విన్నాను, వేరే పని లేదు. అయిదు సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి. నియమాల ప్రకారం నేను కాలిపోయి చాలాసేపయింది.

"ఇప్పుడేం చెయ్యనన్నా?"

"నీ తర్వాత ఎవరన్నా వస్తున్నరా?"

"కెప్టెన్ వస్తుంది."

"అయితే కూసో. నాకు మీటింగున్నది. ఫోను కట్ చెయ్య, లాప్‌టాప్ పక్కకే పెడ్త. మాట్లాడకు, వింటుండు. ఒక్కనివే అనుకోకు."

అలా ఆ మధ్యాహ్నం నేను సీటులో ఇరుక్కుని, జిండెల్ఫింగెన్‌లో జరుగుతున్న ఒక సమావేశం విన్నాను. సీటు వెచ్చబరిచే మీట నొక్కితే దీపం ముందు వెలగాలా, వేడి ముందు రావాలా అన్నది చర్చ. చాలామంది మాట్లాడారు. మధ్యలో ఎవరి ఇంట్లోనో పిల్లవాడు బొమ్మ కోసం ఏడ్చాడు. ఎవరో నవ్వారు. అన్న రెండుసార్లు "యా, యా" అన్నాడు. నా సీటు అప్పటికే చల్లబడింది. ముక్కు దురద పెట్టింది, గోక్కోవడానికి చేతుల్లేవు. ఎదురుగా బోల్టుల మీద రంగు రంగుల గీతలు. ఆకుపచ్చ, తెలుపు. ఆకుపచ్చ, తెలుపు. ఒకచోట ఆకుపచ్చ పక్కన ఇంకా ఏమీ లేదు.

కెప్టెన్ గడప దగ్గర ఆగింది. నుదురే కాదు, పూర్తి మనిషి. నేననుకున్నదానికన్నా పొట్టి.

"నీ సమయం అయిపోయింది," అంది.

"తెలుసు."

"అయితే బయటికి రా."

"సమస్య అదే."

ఆవిడ నన్ను చూసింది, సంచిని చూసింది, నాలుగు ఖాళీ మగ్గుల్ని చూసింది. నవ్వలేదు. గదిలో ఒకరే ఉండాలన్న నియమం గురించి ఆలోచిస్తోందని నాకర్థమైంది. కాసేపటికి వెళ్ళి వర్క్‌షాపు పెద్ద షట్టర్ని పూర్తిగా పైకెత్తేసింది. మంచుగాలి నిండుగా లోపలికొచ్చింది.

"ఇప్పుడిది గది కాదు," అంది. "కప్పున్న ఆరుబయలు."

నేను ఈ దేశాన్ని మెచ్చుకున్న క్షణాల్లో అదొకటి. తర్వాత ఆవిడ తన మాస్కు సర్దుకుని, నా కోసం కొత్త మాస్కు తీసి, ఒక పొడవాటి అల్యూమినియం గొట్టం చివర తగిలించి, దూరం పాటిస్తూ నా వైపు చాపింది. అది నా ముక్కు ముందుకొచ్చి ఊగుతూ నిలిచింది. నేను దాన్ని చూశాను. ఆవిడ నా చేతుల్ని చూసింది. గొట్టం కింద పెట్టి, దగ్గరికొచ్చి, మాస్కు తనే నా చెవులకు తగిలించింది. మనిషి చెయ్యి తగిలి ఎన్నాళ్ళయిందో. ఆ సన్నివేశాన్ని ఎంతో చెప్పుకోవచ్చు గానీ, చలికి చెవులు మొద్దుబారి ఉండటంవల్ల నాకేమీ తెలియలేదు.

"ముక్కు కొంచెం గోకుతావా?" అన్నాను.

"మాస్కు పెట్టాక అడుగుతావా," అంది. మాస్కు మీద నుంచే ఒక వేలితో నొక్కింది. అది చాలలేదు, చాలిందన్నాను.

సొరుగులోంచి రొట్టె కోసే పళ్ళ కత్తి తీసి నా కుడి తుంటి పక్క నుంచి కోయడం మొదలుపెట్టింది. అప్పుడే బల్ల మీద ఫోను పలికింది, "ఏరా, ఉన్నవా?"

కెప్టెన్ కత్తి ఆపింది. "ఎవరది?"

"అన్న."

"మీ అన్నా?"

"కాదు. సీటు పోయడం నేర్పినాయన."

"పోయడం నేర్పినప్పుడు తీయడం కూడా నేర్పాలి."

అన్నకు ఆ జర్మన్ వినిపించింది. తెలుగులో నాతో అన్నాడు, "రొట్టె కత్తేనా? పసుపు పిడిది? ఆమెకు చెప్పు, అది నేను కొన్నదే. మా ఏడాదిల నన్ను గూడ దానితోనే కోసి తీసిన్రు."

"మరి నాకు ముందే చెప్పచ్చుగా అన్నా?"

"ఇద్దరుండాలె అని చెప్పిన గదరా. ఇంకెట్ల చెప్పాలె." తర్వాత, "సరే, ఆమె వచ్చింది గదా. ఇగ నేను పెట్టేస్త," అన్నాడు. కానీ కాసేపు పెట్టలేదు. కత్తి చప్పుడు వింటూ ఉండిపోయాడనుకుంటాను. ఆ తర్వాత పెట్టేశాడు.

ఆవిడ నిదానంగా కోసింది. నా చర్మానికీ ఫోముకూ మధ్య రెండు పొరల చెత్త సంచీ, ఒక ప్యాంటూ ఉన్నాయి, తొందరపడితే అవి సరిపోవు. కోస్తూ మాట్లాడింది. తను కూడా ఈ ఊరి మనిషి కాదట, ఉత్తరాన సముద్రం దగ్గరట. వర్క్‌షాపుకు వచ్చిన రోజున మధ్యాహ్నం ఆ బల్ల దగ్గరే ఒక్కతే తింటుందట.

"నీ గీతలు మరీ పొడుగు," అంది. "అంత అక్కర్లేదు."

"తగ్గిస్తాను."

"తగ్గించమనలేదు. పొద్దున రాగానే ముందు కొత్త ఆకుపచ్చ గీతలున్నాయా అని చూస్తాను. పొడుగ్గా ఉంటే గడప దగ్గర నుంచే కనిపిస్తాయి."

సిద్ధం చేసుకున్న జర్మన్ వాక్యం ఒకటే ఉంది, అది ఇక్కడ పనికొచ్చేది కాదు. బయట మంచు పడుతోంది. ఫోము పొడి మా ఇద్దరి బట్టల మీదా అలాగే పడుతోంది.

చాలాసేపటికి ఆవిడ తల ఎత్తకుండానే అంది, "నీ కుడి చెయ్యి ఊడొచ్చి బాగాసేపయింది కదా."

"అయింది."

"ఊఁ," అంది. అంతకన్నా వేగంగా మాత్రం కోయలేదు.

చివరికి సీటు నిలువునా రెండు ముక్కలై నేను బయటపడ్డాను. కాళ్ళు తిమ్మిరెక్కి చక్రం పట్టుకుని నిలబడ్డాను. ఆవిడ ఆ రెండు ముక్కల్ని నేల మీద పక్కపక్కన పెట్టి కలిపి చూసింది. నా వీపు, నా తుంటి, ప్యాంటు వెనక జేబులో మరిచిపోయిన తాళంచెవి ఆకారంతో సహా ఉన్నాయి. అంత మంచి అచ్చు ఆ జట్టులో ఎవరూ పోసి ఉండరు. కారులో పెట్టడానికి మాత్రం పనికిరాదు, విరిగిన సీటును తనిఖీలో ఒప్పుకోరు. ముక్కలు మళ్ళీ ఎలా కలపాలో తెలియడానికి, అతుకు మీదుగా తెల్ల పెన్నుతో ఒక గీత గీసింది. నా గీతలకన్నా పొడుగు.

"ఇంకోసారి పోయాలంటే ఇద్దరు కావాలి," అంది. "ఒకే ఇంట్లో ఉండే ఇద్దరైతేనే కలిసి లోపలికి రానిస్తారు."

ఒకే ఇంట్లో ఉండే ఇద్దరు మా జట్టులో ఒక్క పసుపు జంటే. వాళ్ళు మరుసటి వారం వచ్చేస్తున్నారట.

"అయితే మొదటి పరుగు..." అన్నాను.

"ఆచారం ప్రకారం సీటు ఎవరిదైతే వాళ్ళది." షట్టరు వైపు నడుస్తూ, "నాకు నీదైతే బాగుండేది," అంది.

పరవాలేదన్నాను. మామూలు గొంతుతోనే. ఆవిడ షట్టరు దించింది. అది మళ్ళీ గది అయింది, గదిలో ఒకరే ఉండాలి, నా టెర్మిన్ అయిపోయింది. రెండు ముక్కల్ని చెత్త సంచిలో వేసుకుని ట్రాములో హాస్టలుకు తెచ్చుకున్నాను. నా పక్క సీట్లో ఎవరూ కూర్చోకూడదన్న గుర్తు ఉంది. దాని మీద నా వీపును కూర్చోబెట్టాను.

కారు మొదటి పరుగు మార్చి చివర జరిగింది. అప్పటికి నియమాలు ఇంకా బిగించారు, సగం జట్టు కాదు గదా, అవసరమైన నలుగురే ఉండాలన్నారు. నడిపేది పసుపు అమ్మాయి. కారు పక్కన ఆమె జంట అబ్బాయి. మొదలయ్యే చోట కెప్టెన్. ఆగే చోట, పార్కింగు ఆ చివర, మంటలార్పే సిలిండరుతో ఒకరు. ఆ ఒకరు నేను.

అది బ్యాటరీ కారు. గర్జన గురించి మొదట్లో నేనేమైనా ఆశ పెట్టి ఉంటే మన్నించాలి. ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బే తడి గ్రైండరు దూరం నుంచి మన వైపు నడిచొస్తే ఎలా ఉంటుందో అలా వచ్చింది. నా ముందు కాస్త దూరంలో ఆగింది. మిగతా ఇద్దరూ కారు బయల్దేరిన చోటే ఉన్నారు, చప్పట్లు కొట్టారు, గాలికి అవి నా దాకా రాలేదు. కారు దగ్గర మనిషిని నేనొక్కణ్ణే. ఎవరో ఒకరు అడగాలి కదా.

"ఎలా ఉంది?" అన్నాను.

హెల్మెట్లో ఆమెకు వినపడలేదు. గాజు పైకెత్తి, "ఏమిటి?" అంది.

"ఎలా ఉంది?"

"సీటు ఎడమ పక్క కొంచెం వదులు," అంది. బెల్టులు విప్పుకుని అయిదు సెకన్లలోపే బయటికి దూకింది.

నా సీటు అయితే ఎక్కడా వదులు లేదు. కానీ ఆ మాట అక్కడ అనేది కాదు. సిలిండరు మళ్ళీ గోడకు తగిలించాను.

రెండు ముక్కల్నీ తెల్ల గీత ప్రకారం కలిపి, టేపు చుట్టి, గదిలో కుర్చీకి కట్టుకున్నాను. మిగిలిన క్లాసులన్నీ దానికి ఆనుకునే విన్నాను. నడుం నొప్పి రాలేదు. ఆ వేసవిలో విమానాలు మొదలై వదిన వచ్చేసింది. అన్న ఫోన్లు తగ్గాయి. సంతోషించాల్సిన విషయం, సంతోషించాను. కెప్టెన్ చదువు పూర్తయి సముద్రం వైపు వెళ్ళిపోయింది. ఆవిడ గీతలు మాత్రం కారు మీద ఇంకొంతకాలం ఉన్నాయి, ఎక్కడా విడిపోలేదు. నేను తర్వాతి ఏడాది ఇంటర్న్‌షిప్ దొరికి గది ఖాళీ చేశాను. సూట్‌కేసులు రెండే, కుర్చీ హాస్టల్ వాళ్ళది. వీపు మిగిలింది.

చాలాకాలానికి అన్నకు ఫోను చేశాను. వెనకాల కుక్కరు కూత వినిపించింది.

"అన్నా, ఆ సీటు ఎక్కడ పడెయ్యాలి?"

"ఇంక ఉన్నదారా అది?" అన్నాడు. తర్వాత, "ఆగు, మీ వదిన ఏ చెత్త ఎందుల వెయ్యాల్నో రాసిన చార్టు ఫ్రిజ్ మీద అంటించింది. చూసి చెప్త," అన్నాడు.

చూసి చెప్పాడు. గట్టిపడిన ఫోము ప్యాకింగు సామాను కింద లెక్క కాదు కాబట్టి వాటికి పెట్టిన పసుపు సంచిలో వేయకూడదు. మామూలు చెత్త వేసే నల్ల డబ్బాలో వేయాలి. డబ్బా మూత పూర్తిగా పడకపోతే తీసుకుపోరు, అందుకని ముందే చిన్న ముక్కలుగా కోసుకోవాలి.